తుంటి కీలు – స్నాయుచ్ఛేదము

మానవదేహమున ఎముకకున్న ప్రఖ్యాతి దానిని కదలించు స్నాయువునకు లేదు. ఎముక విరిగినచో ఊరంతయు పరామర్శకు వచ్చును. స్నాయువు బిగిసినచో నరము పట్టినదని కాపడము పెట్టి ఊరకుందురు. మన ప్రాచీనులు మాత్రము దానిని చిన్నచూపు చూడలేదు. సుశ్రుతసంహిత శారీరస్థానమున 900 స్నాయువులును, 16 కండరలును లెక్కింపబడినవి. కండను ఎముకకు కట్టియుంచు గట్టి త్రాటినే ఈ ప్రసంగమున స్నాయువని వ్యవహరింతము. తుంటి కీలు మార్పించుకొన్న పిదపను నొప్పి విడువనివారికి ఆ త్రాటిని కోసి సడలించు చికిత్సను నేటి వైద్యులు కొన్ని సమయములందు సూచించుచున్నారు. అది ఎట్టిదో తెలిసికొనుటకు దాని చరిత్ర మిక్కిలి తోడ్పడును.

ఈ చికిత్స కీలు మార్పిడికంటె నూరేండ్లకు పైగా పెద్దది. 1816లో ఫ్రాన్సు దేశపు మోంపెల్యే నగరమున డెల్‌పెష్ అను శస్త్రవైద్యుడు వంకరపాదముగల బాలుని మడమ స్నాయువును కోసెను. గాయము చీము పట్టెను. అతడు మరల ఆ పనికి పూనుకొనలేదు. 1831లో జర్మనీ వైద్యుడు స్ట్రోమయర్, చర్మమున చిన్న రంధ్రము చేసి, సన్నని కత్తిని లోనికి పోనిచ్చి, స్నాయువును మాత్రమే తెగవేయు పద్ధతిని అవలంబించెను. గాయము చిన్నది, త్వరగా మానెను. 1836లో విలియం జాన్ లిటిల్ అను ఆంగ్లవైద్యుడు తన వంకరపాదమును స్ట్రోమయరుచేతనే సరిచేయించుకొని, ఆ విద్యను లండనునకు కొనిపోయెను.

సాఫల్యము వెంట అత్యుత్సాహము బయలుదేరెను. పారిసు నగరమున గెరాఁ అను వైద్యుడు వెన్ను వంకరలను సైతము కండలను, స్నాయువులను కోసి సరిచేయుదునని ప్రకటించెను. 1840 దశకమున మాల్గేన్ అను మరియొక వైద్యుడు ఆ రోగులను స్వయముగా పరీక్షించి, వంకరలు తీరలేదని బహిరంగముగా చెప్పెను. వివాదము న్యాయస్థానము వరకు పోయినది. కోయుట సులభము, కోసినందువలన రోగికి మేలు కలిగినదా యని తరువాత విచారించుట కష్టమైన పని. మాల్గేన్ ఆ కష్టమైన పనిని చేసినవాడు.

మన ప్రాంతమునకును ఈ కథతో సంబంధము కలదు. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో వ్రాసిరి. నాటి జిల్లాలోనివై, 1970లో దానినుండి విడిపోయిన దర్శి, పొదిలి, కనిగిరి మెట్టప్రాంతములు ఆ వ్యాధికి పేరుపడినవి. నీటిలోని ఫ్లోరైడు అధికమగుటచే వెన్ను, కీళ్లు కొయ్యబారును; ఎముకలను బంధించు కట్లు, స్నాయువుల మొదళ్లు సైతము ఎముకవలె గట్టిపడును. ఇక తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానములవారు నెలకొల్పిన బర్డ్ ఆసుపత్రిలో, పోలియో సోకి కాళ్లు ముడుచుకొనిపోయిన పిల్లలకు బిగిసిన స్నాయువులను సడలించి నిలువబెట్టిరి. భారతదేశము 2014లో పోలియో రహితముగా ధ్రువీకరింపబడినది. ఆ పాతవిద్య మాత్రము క్రొత్త ప్రయోజనములకు నిలిచియున్నది.

తుంటి కీలు మార్పిడి చరిత్ర వేరొక దారిన నడచినది. 1938లో లండను వైద్యుడు ఫిలిప్ వైల్స్ ఉక్కు కీలును అమర్చెను. స్థిరమైన ఫలితము నిచ్చినవాడు జాన్ చార్న్లీ. అతడు తొలుత టెఫ్లాను గిన్నెలను వాడగా అవి శీఘ్రముగా అరిగిపోయెను. 1962లో రైటింగ్టన్ ఆసుపత్రిలో పాలిథీన్ జాతి గట్టి ప్లాస్టిక్ గిన్నెను, చిన్న లోహపు గుండును జతపరచి కృతకృత్యుడయ్యెను. నేటి కీళ్లన్నియు ఆ వంశమువే.

అయినను అందరికిని నొప్పి తీరదు. 2012లో వెలువడిన యొక సమీక్ష ప్రకారము, తుంటి కీలు మార్చుకొన్నవారిలో నూటికి 7 మొదలు 23 మంది వరకు చిరకాలము నొప్పితో నుండిరి. కారణములు పెక్కు. వానిలో ఒకటి ఇలియోసోవాస్ అను స్నాయువు. దాని కండ నడుము వెన్నుపూసలనుండియు, కటి యెముక లోపలి ముఖమునుండియు బయలుదేరి, తుంటి కీలునకు ముందుగా దిగి తొడయెముకను పట్టుకొనును. అమర్చిన గిన్నె పెద్దదైనను, దాని ముందటి అంచు ఎముకను దాటి పొడుచుకొని వచ్చినను, కాలెత్తినప్పుడెల్ల ఆ స్నాయువు అంచుపై రాచుకొనును. నడకలో అంతగా తెలియకపోవచ్చును. మెట్టెక్కునప్పుడు గజ్జలో పోటు పుట్టును.

స్వర్ణముఖి నీటితో పండు వాకాడు వరిచేలలో గెనెము దాటవలెనన్నను, తీరమున పడవ యెక్కవలెనన్నను, బస్సు మెట్టు అందుకొనవలెనన్నను కాలెత్తక తప్పదు. నెల్లూరునకో, తిరుపతికో, చెన్నపట్టణమునకో పోయి కీలు మార్పించుకొని వచ్చిన రైతునకు ఈ పోటు జీవనాధారమునకే అడ్డు. అట్టివాడు స్నాయువును కోయింతమా యని ఆలోచించుట సహజము. కాని ఆ స్నాయువే కాలెత్తు ముఖ్యబలము. కోసిన పిదప కొంతకాలము కాలెత్తు శక్తి తగ్గును. కొందరియందు ఆ లోపము కొంత నిలిచిపోవును. ఇతర కండలు సాయపడుటచే పెక్కుమంది కోలుకొందురు.

కావున కత్తికి ముందు విచారణ కావలెను. మొట్టమొదట కీలులో చీము చేరలేదని రక్తపరీక్షలచేతను, అవసరమైనచో కీలులోని ద్రవమును తీసి పరీక్షించుటచేతను నిశ్చయింపవలెను. కీలు వదులు కాలేదని ఎక్స్‌రే చెప్పవలెను. నడుమునుండి దిగు నొప్పి గజ్జలో తోచుటయు కలదు, దానిని తోసిపుచ్చవలెను. గిన్నె అంచు ఎంత పొడుచుకొని వచ్చినదో సి.టి. స్కాను తెలుపును. తరువాత స్నాయువు చుట్టును మత్తుమందు, స్టీరాయిడు కలిపి సూదివేయుదురు. నొప్పి అప్పటికి శమించినచో దోషి స్నాయువే యని నమ్మవచ్చును. కొందరికి ఆ సూదితోను, వ్యాయామముతోను ఉపశమనము కలుగును. వారికి శస్త్రచికిత్స అక్కరలేదు.

అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2017లో ప్రకటించిన పరిశీలన యొకటి ఇచ్చట గమనింపదగినది. అంచు 8 మిల్లీమీటర్లకు తక్కువగా పొడుచుకొనియున్నచో స్నాయువును సడలించుట చక్కగా పనిచేసినది. అంతకు మించినచో గిన్నెనే మార్చుట మేలుగా తోచినది. పరీక్షింపబడినవారి సంఖ్య చిన్నది. అయినను వివేకము స్పష్టము. రాచుకొను త్రాటిని తెంచుట యొక మార్గము, రాపిడి పెట్టు అంచును తొలగించుట మరియొక మార్గము. మొదటిది చిన్న శస్త్రచికిత్స. నేడు దుర్భిణి సాయమున సన్నని రంధ్రముల గుండ కీలును తెరువకయే చేయవచ్చును. రెండవది పెద్దది, రక్తనష్టమును, ప్రమాదమును ఎక్కువగా కలది.

వైద్యుని యెదుట కూర్చుండినప్పుడు రోగి అడుగవలసిన ప్రశ్నలు మూడు: నా నొప్పికి స్నాయువే కారణమని ఏ పరీక్ష తెలిపినది? నా గిన్నె అంచు ఎంత ముందునకు వచ్చినది? సడలించిన పిదప నా కాలు నా పనికి ఎంతవరకు ఉపయోగపడును? ఈ మూడింటికి సమాధానము దొరికిన పిదప కత్తికి సమ్మతించుట సాహసము కాదు. దొరకనిచో మరికొన్నాళ్లు ఆగుట పిరికితనమును కాదు.