పిన్ని అర్జీలో పోయిన మాట

2003 వేసవిలో మా పిన్ని భర్త మీద కేసు పెట్టటానికి బయల్దేరినప్పుడు తోడు వెళ్ళింది నేనే. రాజుపాలెంలో మా ఇంటి మొత్తానికీ ఇంగ్లీషు ఎమ్మే చదివినదాన్ని నేనొక్కదాన్నే. ఆ చదువు ఆ రోజు అక్కరకొస్తుందనుకున్నారు.

మిరపకాయ కోతలకు వెళ్ళి వెళ్ళి బీటలు వారిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, వకీలు గుమాస్తా ముందు పిన్ని రెండు గంటలు మాట్లాడింది. "అత్త పోరు, మొగుడి పోరు పడీ పడీ వేగిపోయానయ్యా. అన్నం ముందు కూర్చుంటే కడుపులో మెలిపెట్టేది. రాత్రయితే ఊపిరాడేది కాదు. మా అమ్మ ఇచ్చిన రెండు గేదెల్నీ తోలుకెళ్ళి అమ్మేశాడు" అంది. గుమాస్తా అన్నీ విని ఇంగ్లీషులో టైపు చేసి చదివాడు. పిన్ని చెప్పిన పందొమ్మిదేళ్ళూ 'మెంటల్ యాగనీ' అనే రెండు మాటల్లో సర్దుకున్నాయి.

"యాగనీ అంటే ఏందే అమ్మాయ్?"

"చాలా బాధ అని, పిన్నీ."

"నేను బాధపడ్డానని కాదే. వాళ్ళు పోరు పెట్టారని రాయమను."

రాయించలేకపోయాను. పోరుకి ఇంగ్లీషు మాట ఏదో ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఆ సిగ్గు చాలా ఏళ్ళు నాతోనే ఉంది. బాధకి ఇంగ్లీషులో ఉన్న మాటల వెంట పడటం అప్పుడే మొదలుపెట్టాను.

యాగనీ గ్రీకు నుంచి వచ్చింది. దాని మూలం 'అగోన్'. అంటే పోటీ, పెనుగులాట. మల్లులు తలపడే చోట పుట్టిన మాట అది. అంటే పిన్ని అన్న పోరే! యాంగ్విష్ లాటిన్ నుంచి వచ్చింది. ఇరుకు అని దాని మొదటి అర్థం. ఊపిరాడకపోవటమంటే అదే కదా. టార్మెంట్ మూలంలో మెలితిప్పటం ఉంది. తాళ్ళు మెలిపెట్టి రాళ్ళు విసిరే యుద్ధయంత్రాన్ని రోమన్లు దాదాపు ఆ పేరుతోనే పిలిచేవారు. పిన్ని ఈ మూడింటినీ విడివిడిగా, ఏది ఎక్కడ పట్టిందో కూడా చెప్పింది. ఒక్క తేడా. తెలుగులో పోరు అనగానే ఎవరి పోరు అని అడుగుతాం. అత్త పోరు, సవతి పోరు, ఆడబిడ్డ పోరు. అవతలి మనిషి ఆ మాటలోనే ఉంటుంది. ఇంగ్లీషు యాగనీలో ఆ అవతలి మనిషి కాలక్రమేణా జారిపోయింది. పడినవాళ్ళు మాత్రం మిగిలారు. కాగితం మీద పిన్ని తనంతట తానే జబ్బుపడ్డ మనిషిలా కనబడింది.

ఇది ఒక గుమాస్తా చేసిన పొరపాటు అనుకుంటే సరిపోదు. మా జిల్లా చరిత్రలో ఇలాంటి మాటల బేరం పెద్దఎత్తున జరిగింది. పల్నాడు 2022లో విడి జిల్లా అయ్యేదాకా గుంటూరు జిల్లాలోదే. ఆ గుంటూరు సీమలో 1832-33లో, నందన నామ సంవత్సరంలో కరువొచ్చింది. సుమారు ఐదు లక్షల జనాభాలో లక్షన్నర మంది పోయారని కొన్ని లెక్కలు, రెండు లక్షలని కొన్ని. అప్పుడు గుంటూరులో ఉద్యోగం చేస్తూ సహాయపు పనులు చూసిన సి.పి. బ్రౌన్ దాన్ని ఇంగ్లీషులో 'ఫామిన్' అన్నాడు. పైఅధికారుల మాట 'స్కేర్సిటీ'. బ్రౌన్ చేసిన పనిని మెచ్చుకున్న ప్రభుత్వానికి ఆయన వాడిన మాట నచ్చలేదు. స్కేర్సిటీ అంటే కొరత. కొరతకు వానని తప్పుబట్టి ఊరుకోవచ్చు. ఫామిన్ అని ఒప్పుకుంటే శిస్తు సంగతి, గంజి సంగతి, మీరేం చేశారన్న ప్రశ్న వస్తాయి.

జనం మాత్రం ఈ రెండింటికీ అవతల తమ మాట తాము పెట్టుకున్నారు. డొక్కల కరువు. ఎండి లోపలికి పోయిన డొక్కల్ని చూసిన కళ్ళు పెట్టిన పేరది. నా చిన్నప్పుడు ఆత్రంగా తింటుంటే అమ్మమ్మ "డొక్కల కరువులో పుట్టావంటే?" అని కసిరేది. దొరల తగువు దస్తావేజుల్లో ఉండిపోయింది. ఈ మాట నూటయాభై ఏళ్ళు వంటిళ్ళలో బతికింది.

ఇక డిస్ట్రెస్. రైతుల ఆత్మహత్యల గురించి రాసేవాళ్ళంతా వాడే మాట. ఇంగ్లీషు చట్టంలో దీనికి ఇంకో అర్థం ఉంది: బాకీ కింద సొత్తు పట్టుకుపోవటం. మన భాషలో జప్తు. పరాయి చేలో పడ్డ పశువును పట్టి కట్టెయ్యటాన్ని కూడా ఆ చట్టం ఈ పేరుతోనే పిలిచేది. మన దగ్గర ఆ పనికి 1871లో పశువుల చట్టం ఉంది, ఊరూరా బందెలదొడ్డి ఉంది. 1921లో పల్నాడు రైతులు అడవిలో పశువుల మేతకు పుల్లరి కట్టం అన్నప్పుడు వాళ్ళ పశువులు చేరింది ఆ దొడ్లలోకే. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పులకు కన్నెగంటి హనుమంతు బలయ్యాడు. ఆయన గురించి చదువుకున్నాం, విగ్రహాలు పెట్టుకున్నాం, మంచిదే. కానీ ఆ గేదెలకు కుడితి పెట్టి, పాలు పితికి, చల్ల చేసిన చేతులు ఎవరివి? దొడ్డి ఖాళీ అయిన పొద్దున పిల్లలకు ఏం పొయ్యాలో వెతుక్కున్నది ఎవరు? ఆ జప్తు వంటింటి దాకా వచ్చింది గానీ, పుల్లరి చరిత్ర అక్కడిదాకా రాలేదు.

మా పిన్ని గేదెలు పోయింది సర్కారు బందెలదొడ్డికి కాదు, మొగుడి అప్పులకి. అయినా అది జప్తే. అర్జీలో ఆ గేదెల ఊసే లేదు.

చట్టం మరీ మూగదేమీ కాదు. 1983లో వచ్చిన 498ఎ శరీరానికి అయ్యే హానితో పాటు మనసుకయ్యే హానినీ క్రూరత్వంగా లెక్కించింది. 2024 జులై నుంచి అదే నేరం భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. 2005 నాటి గృహహింస చట్టమైతే తిట్టటాన్నీ, డబ్బూ సొత్తూ లాక్కోవటాన్నీ కూడా హింస అని పేరు పెట్టి చెప్పింది. అంటే పిన్ని గేదెలకు చట్టంలో చోటు దొరికింది, ఆమె అర్జీ పెట్టిన రెండేళ్ళకి. చట్టం విడివిడిగా పేర్లు పెట్టాక కూడా మనం అన్నిటినీ ఒకే 'యాగనీ'లో పోసేస్తే ఆ పేర్లు ఉండి ఏం లాభం?

పిన్ని కేసు చివరికి పెద్దమనుషుల రాజీలో ముగిసింది. గేదెలు తిరిగి రాలేదు. ఆ కార్బన్ కాపీ ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇప్పుడు ఊళ్ళో ఎవరైనా ఆడవాళ్ళు అర్జీ రాసిపెట్టమని వస్తే, ముందు వాళ్ళ మాటల్నే తెలుగులో, వాళ్ళు చెప్పిన వరసలోనే రాస్తాను. ఎవరు, ఎప్పుడు, ఏం తీసుకుపోయారు, ఒంట్లో ఎక్కడ పట్టింది. ఇంగ్లీషు అడిగితే దాని కిందే రాసిస్తాను. మొన్నోసారి పిన్ని పక్కనే కూర్చుని, నేను రాసిందంతా చదివించుకుని వింది.

"పోరు అని రాశావా?" అంది.

"రాశాను పిన్నీ. ఎవరి పోరో కూడా రాశాను."