క్షమాపణ ఆదివారం: ఒక ఆచార చరిత్ర

తూర్పు ఆర్థడాక్స్ క్రైస్తవుల మహోపవాస కాలం, అంటే ఈస్టరుకు ముందు మాంసం, పాల పదార్థాలు మాని ప్రార్థనలో గడిపే దీక్ష, పరస్పర క్షమాపణతో మొదలవుతుంది. యోర్దాను సమీపంలోని ప్రాచీన మఠవాసులు దీక్షారంభంలో ఒకరినొకరు ఆలింగనం చేసుకొని, ఒంటరిగా ఎడారికి వెళ్లి, మట్టల ఆదివారానికి తిరిగివచ్చేవారని పునీతురాలైన ఈజిప్టు మరియ జీవిత చరిత్ర చెబుతుంది; తిరిగివస్తారో లేదో తెలియని ఆ వీడ్కోలులోనే ఈ ఆచారానికి మూలం ఉందని సంప్రదాయం భావిస్తుంది.

దీక్ష ముంగిట వచ్చే క్షమాపణ ఆదివారం నాటి ఆరాధనలో, ఇతరుల తప్పులు మన్నించనివారికి తండ్రి మన్నింపు దొరకదని క్రీస్తు హెచ్చరించిన మత్తయి సువార్త 6వ అధ్యాయాన్ని చదువుతారు. సాయంకాల ప్రార్థన చివర గురువే ముందుగా సంఘం ఎదుట వంగి క్షమాపణ వేడుకోగా, తరువాత విశ్వాసులు వరుసగా ఒకరి ముందొకరు వంగి అదే కోరుతారు. ఇలాగే కేరళ సిరియన్ ఆర్థడాక్స్ సంఘాలు శుబ్కోనో అనే సమాధాన ఆరాధనను దీక్ష తొలి సోమవారం జరుపుతాయి. క్షమ మనసులో కలిగే భావం మాత్రమే కాదని, సంఘమంతా కలిసి ఏటేటా అభ్యసించవలసిన సాధన అని ఈ ఆచారాలు తరతరాలకు నేర్పాయి.