నైరోబీ నుండి న్యూయార్కుకు

1960 సెప్టెంబరులో వంగారి అను ఇరువది యేండ్ల కెన్యా యువతి నైరోబీలో విమానమెక్కినది. అంతకు పూర్వము ఆమె విమానయాన మెరుగదు. ఆమె తోటి విద్యార్థులలో చాలామందికి కూడ అదియే తొలి గగనయానము. అందరును చదువుకొరకు అమెరికాకు పోవుచున్నవారే. ఆ విమానము వెనుక ఒక దేశపు చరిత్ర యున్నది గనుక కథను కొంచెము ముందునుండి చెప్పుకొనవలెను.

కెన్యా అప్పటికి బ్రిటిషువారి యేలుబడిలో నున్నది. 1952లో విధించిన అత్యవసర పరిస్థితి 1960 జనవరి వరకు సాగినది. స్వాతంత్ర్యము దగ్గర పడుచున్నదని అందరికిని తోచుచుండెను. కాని అది వచ్చిన నాడు కచేరీలను, ఆసుపత్రులను, పాఠశాలలను నడుపువారెవరు? తూర్పు ఆఫ్రికాకంతటికిని ఉన్నత విద్యకు ముఖ్యమైన ఆధారము ఉగాండాలోని మకెరెరే కళాశాల. అందులో చోటు దొరకినవారు కొలదిమంది.

టామ్ మ్బోయా అను కార్మిక నాయకుడు ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకొన్నాడు. అప్పటికాతనికి ముప్పదియేండ్లు నిండలేదు. 1959లో ఆయన అమెరికాలో పర్యటించి ఉపన్యాసములిచ్చి, అనేక కళాశాలలచే విద్యార్థి వేతనములకు ఒప్పించినాడు. సీటు దొరకినది, ప్రయాణపు ఖర్చు మాత్రము దొరకలేదు. పొలము తాకట్టు పెట్టి కొడుకును చదువుకు పంపిన తండ్రులను మన పల్లెలలో చూచినవారికి ఈ చిక్కును విప్పి చెప్పనక్కరలేదు. కెన్యాలోను అట్లే జరిగినది. ఊరివారు తేనీటి విందులు జరిపి, తలకొంత చందా వేసికొని తమ పిల్లల ఖర్చులకు సొమ్ము కూడబెట్టినారు.

అయినను విమానపు టిక్కెట్టు వారికి అందని పండు. ఒక్కొక్కరికి విడివిడిగా టిక్కెట్టు కొనుటకంటె విమానము మొత్తమును అద్దెకు తీసికొని నిండుగా నింపిన తలకు పడు ఖర్చు తగ్గును. ఆలోచన చిన్నదే, పెండ్లివారు బస్సు మాట్లాడుకొన్నట్టిదే! అమెరికాలో బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్, గాయకుడు హారీ బెలఫాంటే, నటుడు సిడ్నీ పాయిటియర్ చందాలకు విజ్ఞప్తి చేసినారు. 1959 సెప్టెంబరులో 81మంది విద్యార్థులతో తొలి విమానము న్యూయార్కు చేరినది. వలస ప్రభుత్వపు అధికారులకిది రుచించలేదు. అమెరికా పట్టాలు తక్కువ రకమువని వారి వాదము.

మరుసటి యేడు వెళ్లవలసినవారు రెండువందలు దాటినారు. అమెరికా ప్రభుత్వమును సాయమడుగగా మొదట కాదన్నది. 1960 జూలైలో మ్బోయా సెనేటరు కెన్నెడీని కలిసికొన్నాడు. కెన్నెడీ కుటుంబపు ధర్మనిధి లక్ష డాలర్లు ఇచ్చుటకు ఒప్పుకొన్నది. ఆ సంగతి పొక్కిన తరువాత, అంతవరకు చేయి ముడుచుకొన్న ప్రభుత్వ శాఖ కూడ సొమ్ము ఇత్తునన్నది. అది అధ్యక్షుని యెన్నికల సంవత్సరమగుటయే ఈ ఔదార్యమునకు కారణమని నా అభిప్రాయము. ఆ తరువాత అధ్యక్షుడైన బరాక్ ఒబామా తండ్రి 1959 నాటి విమానములో వచ్చినట్లు కొందరు వ్రాయుదురు; అది పొరపాటు. ఆయన అదే సంవత్సరము విడిగా హవాయికి వెళ్లినవాడు.

ఇక వంగారి ప్రయాణము. ఆనాటి విమానములు నైరోబీ నుండి ఒక్క యెగురులో అమెరికా చేరజాలవు. నడుమ నడుమ దిగి ఇంధనము నింపుకొనవలెను. సహారా యెడారి దాటి లిబియాలోని బెంఘాజీలోను, అటుపై లక్సెంబర్గులోను, ఐస్‌లాండులోని రేక్యవిక్‌లోను, న్యూఫౌండ్‌లాండులోను దిగి, తుదకు విమానము న్యూయార్కు చేరినది. కొండవాలు పచ్చదనములో పెరిగిన పిల్లకు ఇన్ని వాతావరణములు వరుసగా ఎదురైనవి.

న్యూయార్కు నుండి కాన్సస్ రాష్ట్రములోని అచిసన్‌కు బస్సు ప్రయాణము. దారిలో ఇండియానాలో దాహము తీర్చుకొనుటకు ఒక దుకాణమునకు పోగా, నల్లవారు లోపల కూర్చొనరాదు, వెలుపలికి తీసికొనిపోవచ్చునని చెప్పినారు. విద్యార్థినులు ఏమియు కొనక బస్సెక్కినారు. వారికి వేతనమిచ్చి పిలిచిన దేశమును, వారిని కూర్చొననీయని దేశమును ఒక్కటియే. అచిసన్‌లో బెనెడిక్టైన్ సన్యాసినులు నడపిన కళాశాలలో ఆమెను ఆదరముతో చేర్చుకొన్నారు. 1964లో అచ్చట జీవశాస్త్రములో పట్టా పొంది, పిట్స్‌బర్గులో పై చదువు చదివినది.

1963 వరకు ఈ ఏర్పాటున దాదాపు 800మంది వెళ్లినారు. ఆ డిసెంబరు 12న కెన్యా స్వతంత్రమైనది. మ్బోయా మంత్రి పదవి నిర్వహించుచు 1969 జూలై 5న నైరోబీ వీధిలో హంతకుని గుండుకు బలియైనాడు.

వంగారి 1966లో ఉద్యోగపు హామీ పత్రము చేతబట్టుకొని స్వదేశమునకు వచ్చినది. ఆ కొలువు అప్పటికే వేరొకరికి ఇచ్చివేసినారు! మరియొక శాఖలో చేరి, 1971లో డాక్టరేటు పొందినది. తూర్పు, మధ్య ఆఫ్రికాలలో ఆ పట్టమందిన తొలి మహిళ ఆమెయే. వంగారి మాథాయ్‌గా 2004లో నోబెల్ శాంతి బహుమానమును అందుకొన్నది. ఆ గౌరవమునకు కారణమైన హరిత వలయోద్యమము 1977 జూన్ 5న నైరోబీలోని ఒక తోటలో ఏడు మొక్కలతో మొదలైనది. ఆ యేడింటిలో బ్రతికినవి రెండు.