మూకుడు ఎవరి వాటాకి?

మా అత్తగారి సంవత్సరీకాలు అయ్యాక ఇంట్లో సామాన్లు పంచుకున్నాం. ఇత్తడి గుండిగలు, రాగి గంగాళం తూకం వేసి మరీ వాటాలు చేశారు. పెరట్లో బోర్లించిన ఇనప మూకుడి దగ్గరికొచ్చేసరికి అందరూ మొహాలు తిప్పేసుకున్నారు. రెండు చెవుల పోత మూకుడు. ఒక్క మనిషి ఎత్తలేదు. వాయికి ముప్ఫై బూరెలు వేగుతాయి. "పాతసామాన్లవాడికి కిలోల లెక్కన ఇచ్చేద్దాం" అన్నారు మా బావగారు. మనసొప్పక నేను తెచ్చేసుకున్నాను.

ఇనప గిన్నెల్ని విలువగా పంచుకున్న రోజులూ ఉన్నాయండీ. చైనాలో రెండువేల ఏళ్లకు ముందే ఇనుము పోతపోశారు. ఇంగ్లండులో మాత్రం అంట్లగిన్నె అంటే చాలాకాలం ఇత్తడే, అదేమో ఖరీదు. బ్రిస్టల్లో ఇత్తడి పని చేయించిన ఏబ్రహాం డార్బీ 1707లో, బంకమట్టి అచ్చుల్లేకుండా ఒట్టి ఇసుకలోనే ఇనప బొజ్జగిన్నెలు పోతపోసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1709లో కోల్‌బ్రూక్‌డేల్‌లో కట్టెబొగ్గు బదులు కోక్ వాడి ఇనుము కరిగించాడు. పెద్ద యంత్రాల యుగానికి ఈయన్ని మూలపురుషుడంటారు కానీ, మొదట ఆయన అమ్ముకున్నవి మన వంటింటి గిన్నెలే!

అమెరికాలో జార్జి వాషింగ్టన్ తల్లి మేరీ 1788లో వీలునామా రాసింది. వెండి చెంచాలు, టీ కప్పులు, దుప్పట్లతో పాటు వంటింటి ఇనప సామాను సగం మనవడికి, మిగతాది మనవరాలికి రాసిచ్చింది. చదివి మురిసిపోయాను. ఆ పక్క మాటలు కూడా చదివాక మురిపెం దిగిపోయింది. మనవడికి ఫ్రెడరిక్ అనే నల్లజాతి బానిసను, మనవరాలికి లిటిల్ బెట్ అనే బానిస స్త్రీని, ఆమెకు పుట్టబోయే పిల్లలతో సహా, ఆ చెంచాల పట్టీలోనే రాసింది. గిన్నెలు ఎవరి వాటాకి వెళ్లాయో కాగితం మీద ఉంది. వాటిని తోమి, ఆరబెట్టి, నూనె పట్టించిన చేతులెవరివో రాయలేదు.

సరే, నా మూకుడి సంగతి. తెచ్చిన నెలకే పాడుచేసింది నేనే. వ్రతానికి పులిహోర పులుసు అందులోనే ఉడికించి, రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున నీళ్లు పోసి నానబెట్టాను. అంతే, ఎర్రగా తుప్పు. ఆ నలుపు మసి అనుకునేదాన్ని. కాదట. పలచగా రాసిన నూనె వేడికి గట్టిపడి, ఇనుమును పట్టుకుని పొరగా మారితే వచ్చే నలుపది. చింతపండు పులుపు ఆ పొరను ఊడదీస్తుంది, నీళ్లు తుప్పు పట్టిస్తాయి.

గ్యాసు పొయ్యి మీద అది కుదురుగా కూర్చోదు. పెరట్లో మూడు రాళ్లు పెట్టాను. ఇటుకపొడి, కొబ్బరిపీచుతో తుప్పు వదిలేదాకా రుద్ది, కడిగి, సెగ మీద చెమ్మ లేకుండా ఆరబెట్టాను. గుడ్డతో నూనె రాసి, మళ్లీ పొడిగుడ్డతో దాదాపు అంతా తుడిచేశాను. ఎక్కువైతే జిగురు కడుతుంది (మొదటిసారి కట్టింది). పొగ వచ్చి తగ్గేదాకా కాచి, దానంతటదే చల్లారనిచ్చాను. తొందరపడి చన్నీళ్లు పోస్తే పోత ఇనుము పగిలిపోతుంది. ఇలా నాలుగు రోజులు చేశాక నలుపు తిరిగొచ్చింది.

ఆ నాలుగు రోజులూ నాకు గుర్తొచ్చింది అత్తగారు కాదు. ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్లు అంట్లు తోమిన అక్క. మూకుడు చల్లారేదాకా కూర్చుని, ఊకబూడిదతో తోమి, పొయ్యి మీద ఆరబెట్టి, ఆఖర్న నూనెగుడ్డ తిప్పేది. పేరంటాళ్లు మాత్రం "మీ అత్తగారి మూకుడే మూకుడు" అనేవాళ్లు. పంపకాల రోజు ఆమె అరుగు మీదే కూర్చుని ఉంది. ఒక్క గిన్నె కూడా ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

మొన్న కబురు పెడితే వచ్చింది. కండువాలో కట్టిన నా రాగి చెంబు ఇస్తే "ఇప్పుడెందుకమ్మా" అంటూనే తీసుకుంది. తర్వాత మూకుడి దగ్గర గొంతుక్కూర్చుని, అంచు మీద వేలిమెటికతో కొట్టి, చెవి పెట్టి విన్నది.

"మోగుతుందమ్మా, పగల్లేదు. అడుగున ఇంకో చెయ్యి నూనె పట్టాలి" అంది.

గుడ్డ తెచ్చిచ్చాను. "నేను కాదు, నువ్వు రాయి. చూస్తాను" అంది.