బురద బలము

హైదరాబాదునుండి ముంబయి బాటను పోవువారికి, పటాన్‌చెరువునకు ముందే, రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము కానవచ్చును. 1960వ దశకమున విద్యుద్యంత్రములకై వెలసిన ఈ కర్మాగారమున, 1980వ దశకమున చమురుబావులు త్రవ్వు రిగ్గులు కూడ తయారైనవి. నేడు సంగారెడ్డి జిల్లాలోనున్న ఆ గట్టిరాతి నేలలో చమురు లేదు. కాని చమురును వెదకు సాధనము అచ్చట పుట్టినది.

ఎత్తైన ఆ ఉక్కు గోపురమును చూచినవారు బావికి ఉక్కే సర్వస్వమని తలంతురు. ఉక్కు బావిని త్రవ్వును; నిజమే. త్రవ్విన బావిని కాపాడునది మాత్రము బురద.

ఈ బురద చరిత్రలో 1901వ సంవత్సరము ముఖ్యమైనది. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున స్పిండిల్‌టాప్ అనుచోట బావి త్రవ్వుచుండగా ఇసుక పొరలు కూలుచుండెను. పనివారు నీటిగుంటలోనికి పశువులను తోలి, త్రొక్కించి, ఆ బురదనీటిని బావిలోనికి పంపిరని చెప్పుదురు. గోడలు నిలిచినవి. కాని జనవరి 10వ తేదీన చమురు ఎగజిమ్మి, తొమ్మిది దినములు ఎవరికిని లొంగలేదు. గోడను నిలుపుటకు చాలిన బురద, భూగర్భపు ఒత్తిడిని అణచుటకు చాలదని లోకమునకు తెలిసినది. 1920వ దశకమున స్ట్రౌడ్ అనునాతడు బురదలో బరువైన ఖనిజపు పొడిని కలుపు మార్గము చూపెను.

ఇందలి లెక్క కష్టమైనది కాదు. పది మీటర్ల నీరు చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలో బరువు మోపును. మూడువేల మీటర్ల లోతున అది 300 కిలోలు. నీటికంటె 1.3 రెట్లు బరువైన బురదయైనచో 390 కిలోలు. లోపలి వాయువు ఒత్తిడి ఈ రెంటి నడుమనున్నచో, నీరు ఓడిపోవును, బురద గెలుచును.

ఆ బరువు నిచ్చునది బెరైట్. మన తెలుగున ముగ్గురాయి యందురు. పూర్వపు కడప జిల్లాలో రైల్వేకోడూరు చెంతనున్న మంగంపేట గనులు దీనికి ప్రపంచ ప్రసిద్ధములు. మేలైన ముగ్గురాయి నీటికంటె 4.2 రెట్లు బరువు.

అయినను రాయి నొక్కదానినే నీట కలిపిన అడుగునకు దిగిపోవును. కావున ముందు బెంటొనైట్ అను బంకమన్ను కలుపుదురు. నీటిలో సున్నపు గుణముండినచో ఆ మన్ను సరిగా ఉబ్బదు. అందుచే సోడా యాష్‌తో నీటిని మెత్తబరచి, కాస్టిక్ సోడాతో తగిన క్షారగుణము నిత్తురు. పిమ్మట మంటిపొడిని కొద్దికొద్దిగా చల్లి, కొన్ని గంటలు నాననిచ్చెదరు. తొందరపడి కుమ్మరించిన ఉండలు కట్టును. ఇట్లు సిద్ధమైన బురద కదలునపుడు పలుచగా పారును. నిలిచినపుడు చిక్కబడి రాతిముక్కలను అడుగునకు జారనీయక పట్టియుంచును. మన ఇల్లాండ్రు గోడ నలికినట్లు, బావి గోడపై పలుచని పొర కట్టును.

కలుపుట ఒకనాటి పని. కాపాడుట అనుదినపు పని. పైకి వచ్చిన బురదను అదురు జల్లెడలపై వడగట్టి రాతిముక్కలను తొలగింతురు. త్రాసుపై బరువు చూతురు. మార్ష్ గరాటులో పోసి చిక్కదనము చూతురు: ఒక క్వార్టు, అనగా లీటరుకు కొంచెము తక్కువ, మంచినీరు దిగుటకు 26 సెకండ్లు పట్టును, బురదకు అంతకంటె ఎక్కువ పట్టును. బరువు తగ్గిన వాయువు చొరబడును. మరీ పెరిగిన రాయి చీలి బురద అందులోనికి పోవును. బావిలో మట్టము పడిపోయి, మరల వాయువునకే దారి దొరకును. కనుకనే తొట్టిలో మట్టము పెరిగినను తరిగినను కావలివాడు ఉలికిపడవలెను.

బావి అదుపు తప్పిన ఏమగునో కోనసీమ ఎరుగును. 1995 జనవరి 8న పాశర్లపూడి చెంత చమురు సహజవాయు సంస్థవారి బావి పేలి మండినది. కొబ్బరితోటల నడుమ లేచిన ఆ అగ్నిస్తంభము మార్చి 15 వరకు ఆరలేదు. చుట్టుపట్ల ప్రజలు ఇండ్లు విడిచి పోవలసివచ్చినది. అట్టి ప్రమాదమునకు కారణములు పెక్కు ఉండవచ్చును. బురద యొక్కటే రక్షయని నేననను. బావి మూతినుండు ఉక్కు కవాటములును కావలెను. కాని అవి రెండవ కావలి. మొదటి కావలి ఎల్లప్పుడు బురదయే.

రామచంద్రాపురపు ఉక్కు, మంగంపేట రాయి, కోనసీమ వాయువు. ఈ మూడును తెలుగునేలవే. రాత్రివేళ గరాటు చేతబట్టి సెకండ్లు లెక్కించు పనివాని పేరు ఏ చరిత్రలోను ఉండదు. అతడు లెక్క తప్పనంతకాలము చుట్టుపట్ల ఊళ్లు నిశ్చింతగా నిదురించును.