పిక్కలో పొంచిన గడ్డ

1940 సెప్టెంబరులో లండన్ మీద రాత్రిళ్లు బాంబులు కురవడం మొదలైంది. చీకటి పడగానే జనం దుప్పట్లు చంకన పెట్టుకుని షెల్టర్లకు పరుగెత్తేవాళ్లు. పడుకోవడానికి చోటు చాలక చాలామంది మడత కుర్చీల్లోనే తెల్లవార్లూ కూర్చునేవాళ్లు. అలా తలదాచుకున్నవాళ్లలో కొందరు ఉన్నట్టుండి చనిపోయారు. బాంబు తగల్లేదు, ఒంటి మీద చిన్న గాయమైనా లేదు.

ఆ శవాలను పరీక్షించినవారిలో కీత్ సింప్సన్ ఒకరు. ఇంగ్లండ్‌లో పేరుమోసిన ఫోరెన్సిక్ వైద్యుడాయన. ఊపిరితిత్తులకు వెళ్లే పెద్ద రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం అడ్డుపడి ఉండటం చూశాడు. అది అక్కడ పుట్టింది కాదు, కాళ్ల సిరల నుంచి కొట్టుకొచ్చింది. మడత కుర్చీ ముందు భాగంలో అడ్డంగా ఉండే కర్ర గంటల తరబడి కాళ్ల వెనక నొక్కుతూంటే, సిరల్లో రక్తం కదలక పేరుకుపోతోందని ఆయన తేల్చాడు. ఆ ఏడాది చివర్లో ‘లాన్సెట్’ పత్రికలో ఈ సంగతి రాశాడు. షెల్టర్లో జనానికి కుర్చీ కాదు, కాళ్లు చాపుకునే పడక కావాలన్నది అందులోంచి తేలిన పాఠం.

నిజానికి కాలిలోని గడ్డ ఊపిరితిత్తికి చేరి ప్రాణం తీస్తుందన్న సంగతి అప్పటికి కొత్తేమీ కాదు. దాదాపు వందేళ్ల ముందే, 1840లలో, జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్షో దాన్ని నిరూపించాడు. కానీ ఆ వందేళ్లూ ఈ జబ్బు ఎక్కువగా పోస్ట్‌మార్టం బల్ల మీదే బయటపడేది. మనిషి బతికుండగా గడ్డను పట్టుకునే దారి వైద్యుల చేతిలో లేదు. ఈ జబ్బు చరిత్రలో మందుల కథకే పేరెక్కువ. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్, వార్ఫరిన్ ఎలా దొరికాయో ఎంతోమంది రాశారు. ఎలుకల మందు మనుషుల మందైన ఆ కథను ఇక్కడ వదిలేస్తున్నాను. నా దృష్టిలో అసలు పేచీ మందుతో కాదు, గడ్డను కనిపెట్టడంతోనే వచ్చింది.

అమెరికాలో జాన్ హోమన్స్ అనే సర్జన్ పేరిట ఒక పరీక్ష ఉంది. పాదాన్ని పైకి వంచితే పిక్కలో నొప్పి వస్తోందా అని చూడటం. తరతరాల వైద్య విద్యార్థులు దాన్ని బట్టీ పట్టారు. చిక్కేమిటంటే, గడ్డ ఉన్నా చాలామందికి ఆ నొప్పి రాదు. కండరం పట్టేసినవాళ్లకు మాత్రం వస్తుంది.

స్వీడన్‌లోని మారియెస్టాడ్ అనే చిన్న ఊళ్లో గున్నార్ బావర్ మరో దారి పట్టాడు. కాలి సిరలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. రంగు పారని చోట గడ్డ ఉన్నట్టు లెక్క. 1940లో ఆయన అచ్చువేసిన అధ్యయనం ఒక ముఖ్యమైన సంగతి చెప్పింది: గడ్డ తరచూ పిక్కలోని లోతు సిరల్లో మొదలై మెల్లగా తొడ వైపు పాకుతుంది. అంటే పిక్కలో ఉండగానే పట్టుకుంటే హెపారిన్‌తో ఆపడానికి వ్యవధి దొరుకుతుంది. ఈ మందు ఇచ్చి, రోగులను త్వరగా మంచం దింపి నడిపించాడు బావర్. బాలింతలనూ ఆపరేషన్ అయినవాళ్లనూ వారాల తరబడి కదలనివ్వని రోజులవి. ఆ జాగ్రత్తే గడ్డకు సాయపడుతోందని అప్పటికి అందరికీ తట్టలేదు.

హెపారిన్ చేతిలో ఉన్నా వైద్యులు వెనకాడేవాళ్లు. జబ్బు ఉందో లేదో తెలియనప్పుడు రక్తస్రావం తెచ్చిపెట్టే మందు ఎలా ఇస్తారు? అసలు అది పనిచేస్తుందని రుజువేది? 1950ల చివర్లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో బారిట్, జోర్డాన్ అనే ఇద్దరు వైద్యులు ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. ఊపిరితిత్తిలో గడ్డ చేరిందని లక్షణాలూ ఈసీజీ, ఎక్స్‌రేలూ చూసి నిర్ధారించుకున్న రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు హెపారిన్, నికౌమలోన్ ఇచ్చారు. మన దగ్గర గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు మింగే ఎసిట్రోమ్ మాత్రలో ఉన్నది ఈ నికౌమలోనే. రెండో గుంపుకు ఇవేవీ ఇవ్వలేదు.

మందు లేని 19 మందిలో అయిదుగురు ఊపిరితిత్తిలో గడ్డతోనే చనిపోయారు. మరో అయిదుగురికి మళ్లీ గడ్డ చేరినా బతికారు. మందు తీసుకున్న 16 మందిలో ఆ కారణంతో ఒక్కరూ పోలేదు. ఇక రోగులకు మందు ఇవ్వకుండా ఉండటం తప్పని ప్రయోగం ఆపేశారు. 1960లో ‘లాన్సెట్’లో ఫలితాలు అచ్చయ్యాయి. మొత్తం 35 మంది. ఇప్పటి లెక్కల నిపుణులు ఇది చూసి పెదవి విరుస్తారు. జబ్బు నిర్ధారణ సరిగా లేదంటారు, బాగా ముదిరిన రోగులే దొరికి ఉంటారంటారు. ఆ మాటల్లో నిజం ఉంది. అయినా దీన్ని మళ్లీ ఎవరూ చేసి చూడలేరు, మందు ఆపి రోగిని చూస్తూ కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది!

గడ్డ పుడుతూండగానే చూసింది మాత్రం లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో పనిచేసిన భారత సంతతి సర్జన్ విజయ్ వీర్ కక్కర్. గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్‌కు రేడియోధార్మిక అయోడిన్ తగిలించి రక్తంలోకి ఎక్కించారు. గడ్డ ఎక్కడ కడితే ఆ ప్రొటీన్ అక్కడ చేరుతుంది, కాలి మీద పెట్టిన కౌంటర్‌లో అంకె పెరుగుతుంది. ఆపరేషన్ అయిన 132 మందిని ఇలా గమనిస్తే 40 మందికి గడ్డలు కనిపించాయి. 1969లో వచ్చిన ఈ లెక్క సర్జన్లకు ముచ్చెమటలు పట్టించి ఉండాలి. పైకి వాపూ నొప్పీ లేకుండానే జబ్బు వార్డు నిండా ఉంది. అదే అధ్యయనంలో మరో విశేషం: ఆ 40లో 14 గడ్డలు మూడు రోజుల్లోపే వాటంతటవే కరిగిపోయాయి.

1975లో కక్కర్ బృందం 4,121 మంది మీద చేసిన అంతర్జాతీయ పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. పెద్ద ఆపరేషన్‌కు ముందూ తర్వాతా చర్మం కింద కొద్దిపాటి హెపారిన్ ఇచ్చినవాళ్లలో ఇద్దరు ఊపిరితిత్తిలో గడ్డతో చనిపోతే, ఇవ్వనివాళ్లలో 16 మంది పోయారు. గాయం దగ్గర రక్తం చేరడం కాస్త పెరిగింది, ఆ బేరానికి చాలామంది సర్జన్లు ఒప్పుకున్నారు. ఆపరేషన్ తర్వాత నర్సు పొట్ట మీద గుచ్చే సన్నటి సూది అక్కణ్నుంచి వచ్చిందే.

రేడియోధార్మిక పరీక్ష నిలవలేదు. మనుషుల రక్తం నుంచి తీసిన ప్రొటీన్‌తో పాటు వైరస్‌లూ వస్తాయన్న భయం దాన్ని మూలన పడేసింది. 1980ల నుంచి అల్ట్రాసౌండ్ వచ్చింది. స్కాన్ తీసేవారు సిర మీద పరికరంతో నొక్కుతారు. మామూలు సిర అణిగిపోతుంది, గడ్డ ఉన్న సిర అణగదు. దీనికి డీ-డైమర్ రక్తపరీక్ష, కెనడా వైద్యుడు ఫిలిప్ వెల్స్ కూర్చిన లక్షణాల మార్కుల పట్టిక తోడయ్యాయి. ఒక రకం హెపారిన్‌ను ఇంట్లోనూ వాడవచ్చని 1996లో రెండు పెద్ద అధ్యయనాలు చూపాక, ఎంతోమంది రోగులకు ఇంట్లోనే సూది వేసుకునే వీలు కలిగింది.

ఇప్పుడు చిక్కు తిరగబడింది. సీటీ స్కాన్‌లు ఊపిరితిత్తి కొసల్లోని చిన్న గడ్డలనూ పట్టేస్తున్నాయి, అల్ట్రాసౌండ్ స్కాన్‌లు పిక్కలోని చిటికెడంత గడ్డనూ చూపిస్తున్నాయి. వీటికి రక్తం పల్చబరిచే మాత్రలు వాడాలా, వద్దా? వైద్యుల్లో వాదన నడుస్తూనే ఉంది. ప్రమాదం తక్కువగా ఉన్న రోగికి, గడ్డ పిక్కకే పరిమితమైతే, మందు మొదలుపెట్టకుండా రెండు వారాల పాటు మళ్లీ మళ్లీ స్కాన్ తీసి అది పైకి పాకుతోందేమో చూడవచ్చని మార్గదర్శకాలు అంటున్నాయి.