బందరు రేవు నుంచి సియాము వంటింటికి



మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు పచ్చిపులుసును పొయ్యి మీద పెట్టం. చింతపండు పిసికి, కాల్చిన పచ్చిమిరపకాయలు నలిపి, ఉల్లిగడ్డ, కొత్తిమీర, ఉప్పు, చిటికెడు బెల్లం వేసి కలిపితే అయిపోయె. పులుపు, కారం, ఉప్పు, తీపి నాలుగూ నాలుకకు ఒక్కసారే తెలియాలి. ఈ నాలుగింటి లెక్కతోనే వండుకునే దేశం మరొకటి ఉన్నది. 1939లో థాయిలాండ్ అని పేరు మార్చుకున్న సియాము అది. వాళ్ళూ మిరపకాయలు, ఎల్లిగడ్డ, రొయ్యల ముద్ద రోట్లో వేసి దంచి, నిమ్మకాయ పిండుకుంటారు. దాన్ని నామ్ ప్రిక్ అంటారు. మనమైతే రోటిపచ్చడి అందుము.

ఇద్దరివీ వేడి దేశాలు, అందుకే ఒకే రుచి అని తేల్చేయవచ్చు. కానీ ఈ రెండు దేశాల నడుమ ఒకప్పుడు రాకపోకలు జోరుగా సాగిన సంగతి మనలో చాలామందికి తెలియదు. కరీంనగర్‌కు సముద్రమెక్కడిదని నవ్వకండి. మన ఎలగందుల కోట గోలకొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలోది. ఆ గోలకొండకు సముద్రపు వాకిలి బందరు, అంటే మచిలీపట్నం. అక్కడినుంచి అద్దకపు బట్టలు ఓడలకెక్కి సియాముకు పోయేవి. అక్కడి రాజాస్థానంవాళ్ళు తమకు నచ్చిన నమూనాలు పంపి మరీ అద్దించుకునేవారు. అటునుంచి తగరం, రంగుకు పనికొచ్చే బకం చెక్క వచ్చేవి. ఏనుగులు కూడా ఓడల్లోనే వచ్చేవి! ఏనుగును ఓడ ఎక్కించిన మావటివాడి తిప్పలు ఎవరైనా రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేది.

ప్రయాణమంటే ఇప్పటిలా విమానంలో కునుకు తీసి లేచేసరికి బ్యాంకాక్ కాదు. 1662 మార్చిలో లాంబర్ ద లా మోత్ అనే ఫ్రెంచి బిషప్పు గోలకొండ రాజ్యం దాటి బందరులో ఓడ ఎక్కాడు. సియాము రాజధాని చేరింది ఆగస్టులో. ఆ రాజధాని పేరు అయుత్థయ. మన అయోధ్యే అది. ఆయన వెంట వెళ్ళిన ద బూర్జ్ అనే పాద్రి ఈ ప్రయాణం గురించి రాసిన పుస్తకం 1666లో పారిస్‌లో అచ్చయింది. బంగాళాఖాతం దాటి మెర్గుయి రేవులో దిగాలి. ఇప్పుడది బర్మాలో ఉన్నది. అక్కడినుంచి చిన్న పడవల్లో తెనాసరిం నది మీద ఎదురెక్కాలి. తరువాత పులులు తిరిగే అడవిలో బండ్ల మీద, ఏనుగుల మీద కొండలు దాటాలి. అవతల మళ్ళీ సముద్రం కనబడుతుంది. ఇక ఆ ఒడ్డు పట్టుకుని కుయి, ప్రాన్, పెచ్చబురి ఊళ్ళమీదుగా మెల్లగా ఉత్తరానికి పోవాలి. వానలొస్తే ఆగాలి. తిరిగి రావాలంటే సముద్రం మీద గాలి మళ్ళేదాకా కాచుకోవాలి. అన్ని నెలలు ఒక ఊళ్ళో పడి ఉన్నవాళ్ళు ఆ ఊరి తిండి తినక, తమ తిండి నలుగురికీ పెట్టక ఉంటారా?

పెచ్చబురిలో దిగితే మనవాళ్ళకు పరాయి ఊరనిపించి ఉండదు. ఎటు చూసినా తాటిచెట్లే. తాటిబెల్లానికి ఆ ఊరు ఇప్పటికీ పేరు. పండిన తాటిపండు గుజ్జు బియ్యప్పిండిలో కలిపి ఆవిరి మీద ఉడికిస్తారు, మన కుడుముల్లాగే. 1687లో రాజదూతగా వెళ్ళిన ఫ్రెంచి దొర లా లూబేరు, ఈ జనానికి రోజుకు ఒక పౌను బియ్యం, కాస్త ఎండుచేప ఉంటే చాలునని రాశాడు. వంటింటి గడప దాటి లోపలికి చూసి ఉంటే ఆ మాట అంత తేలిగ్గా రాసేవాడు కాదేమో.

మిరపకాయ మనదీ కాదు, వాళ్ళదీ కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చింది. మనం దానికి మన మిరియం పేరే కాస్త మార్చి పెట్టుకున్నాం. సియామువాళ్ళూ అదే పని చేశారు. మిరియాలకున్న 'ప్రిక్' అనే పేరును కొత్త కాయకు ఇచ్చేసి, పాత మిరియాలను 'ప్రిక్ థాయ్' అన్నారు, తమ దేశపు ప్రిక్ అని. ఇంకో వింత, మనం కోటలో పెట్టి నీళ్ళుపోసి మొక్కే తులసిని వాళ్ళు మాంసంతో కలిపి వేయిస్తారు. మా అత్తగారి చెవిన పడితే ఆ దేశం పేరెత్తనివ్వరు! వాళ్ళ కూరల్లో అల్లంలా కనిపించేది మన మూలికల కొట్లో దొరికే దుంపరాష్ట్రకమే. మనకు మందు, వాళ్ళకు మసాలా.

ఇక మస్సమన్ అని ఒక కూర ఉన్నది. యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క, జీలకర్ర వేయించి వేస్తారు. కొబ్బరిపాలు, చింతపులుసు, పల్లీలు, తాటిబెల్లం కూడా పడతాయి. ముసల్మాన్ అన్న మాటే అట్లా మారిందంటారు. ఆ కాలంలో గోలకొండలోనూ, అయుత్థయలోనూ పెద్ద వర్తకులు పారశీక ముస్లిములే. సియామును 1656 నుంచి 1688 దాకా ఏలిన నారాయి రాజు చిన్ననాటినుంచే వాళ్ళ ఇళ్ళకు పోయి వాళ్ళ తిండికి అలవాటుపడ్డాడని, 1685లో బయలుదేరిన పారశీక రాయబారి బృందంలోని లేఖకుడు రాసుకున్నాడు. ఈ కూర ఫలానా ఓడలో వచ్చిందని నేను చెప్పడం లేదు, ఆ దారి వాసన మాత్రం దానిలో ఉన్నది.

ఆ దారి చెడిపోవడానికి నాలుగేళ్ళు పట్టలేదు. మెర్గుయి రేవు అధికారిగా సియాము కొలువులో ఉన్న శామ్యూల్ వైట్ అనే ఇంగ్లీషువాడు 1685 నుంచి గోలకొండ ఓడలను పట్టి దోచుకున్నాడు. 1687 జూలైలో మెర్గుయిలో జనం తిరగబడి ఇంగ్లీషువాళ్ళను చంపారు, వైటు మాత్రం తప్పించుకున్నాడు. ఆ సెప్టెంబరులోనే గోలకొండ ఔరంగజేబు చేతిలో పడింది. మరుసటేడు నారాయి పోయాడు. ఆయన మంత్రి, గ్రీకు దేశస్థుడు ఫాల్కన్ తల తెగింది.

ఆ ఫాల్కన్ భార్య మరియా గుయోమార్. పోర్చుగీసు, జపాను, బెంగాలు రక్తం కలిసిన ఇంటి బిడ్డ. మంత్రి భార్యగా ఉన్న మనిషిని కొత్త రాజు బానిసను చేసి రాజమందిరం వంటపనికి పెట్టాడు. తరువాతి కాలంలో ఆ వంటశాల పెత్తనమే ఆమె చేతికి వచ్చింది. గుడ్డు పచ్చసొనను మరిగే పంచదార పాకంలో సన్నని ధారగా పోసి తీసే ఫోయి థోంగ్, అంటే బంగారు తీగెలు, ఆమే నేర్పిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పెళ్ళిళ్ళలో ఆ తీగెలను తుంచకుండా పొడుగ్గానే వడ్డించడం ఆచారం.